నాంచారమ్మ జాన

అనగా అనగా ఎప్పటి మాట! మన తాతల తాతలు ఇంకా ఉగ్గు తాగుతున్న రోజుల మాట. ఊఁ కొడతారా, ఆపెయ్యమంటారా? ఊఁ కొట్టకపోతే నాకు నోరు రాదు మరి.

ఆ రోజుల్లో కొండ కింద ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఇంటింటా పొణికి కర్రతో బొమ్మలు చెక్కేవాళ్లు. చిలకలు, ఎడ్లబండ్లు, ఏనుగులు. చెక్కినప్పుడు రాలిన పొట్టును ఒక ముసలమ్మ ఊరంతా తిరిగి గంపలోకి ఎత్తుకునేది. ఆమె పేరు నాంచారమ్మ. ఆ పొట్టులో చింతపిక్కల బంక కలిపి రుబ్బితే మక్కు అవుతుంది. బొమ్మకి ముక్కు పెట్టాలన్నా, అతుకు కప్పాలన్నా మక్కే కావాలి. అందరి బొమ్మల్లోనూ నాంచారమ్మ మక్కు ఉండేది, ఆమె పేరు మాత్రం ఎవరి నోటా ఉండేది కాదు.

ఆ ఊరికి ఒక పంతులుగారొచ్చి వీధి అరుగు మీద బడి పెట్టారు. పాపయ్య పంతులుగారని, మహా మెతక మనిషి. మొదటిరోజే నాంచారమ్మ గంప దించి అడిగింది.

"అయ్యా, నేనూ కూచోవచ్చా?"

"నీకెందుకమ్మా ఈ వయసులో?"

"చిన్నప్పుడు కూచోనివ్వలేదయ్యా, అందుకు."

పంతులుగారు చాప జరిపి చోటిచ్చారు. పళ్లూడిన ముసలమ్మ పాలపళ్ల పిల్లల పక్కన కూచుని "అ ఆ" అంటుంటే ఊరు ఊరంతా పడీ పడీ నవ్వింది. నాంచారమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే మర్నాడు మళ్లీ వచ్చింది.

పెదకాపు గంగరాజుకి మాత్రం ఈ బడి కంట్లో నలుసైంది. పిల్లలు బళ్లో కూచుంటే గొడ్లు కాసేదెవరు? ఆయన అరుగు దగ్గరికొచ్చి చేతికర్ర నేలకేసి కొట్టాడు.

"పంతులూ! కొండమ్మతల్లి జాతరకి వీధికో బొమ్మ బండెక్కుతుంది. నీ పిల్లలంతా కలిసి ఓ బొమ్మ చెయ్యండి. ఆ బొమ్మ నిలబడితే బడి నిలబడుద్ది. బొమ్మ పడితే, చాపలు చుట్టేసుకో."

అబ్బ, పిల్లల సంబరం చూడాలి! పెదకాపు బెదిరించి వెళ్లాడని ఒక్కరికైనా తోచిందా? బొమ్మ చెయ్యమన్నాడు, అంతే! చిలక చేద్దామని ఒకరు, రథం చేద్దామని ఒకరు అరిచి అరిచి, చివరికి అంబారీ ఏనుగు మీద ఒకటయ్యారు. సూరన్నకి ఒక కాలు, లచ్చికి ఒక కాలు, చిట్టి బుచ్చికి ఒక కాలు, నాంచారమ్మకి ఒక కాలు. మిగతావాళ్లకి ఒళ్లు, తొండం, చెవులు, అంబారీ.

"కాళ్లెంత పొడుగు పంతులుగారూ?" అని అడిగారు.

"జానెడు," అన్నారు పంతులుగారు.

అదిగో, అక్కడే వచ్చింది తంటా! జాతర నాటి పొద్దున అందరూ ముక్కలు తెచ్చి అతికించారు. అతికించి నిలబెట్టారు. ఏనుగు ఒక పక్కకి ఒరిగి, కల్లు తాగినట్టు దబ్బున పడింది.

"నీ కాలే తప్పు!" అంది లచ్చి.

"నాది జానెడంటే జానెడే!" అన్నాడు సూరన్న, చెయ్యి చాచి కొలిచి చూపిస్తూ.

"నాదీ జానెడంటే జానెడే!" లచ్చి కూడా కొలిచింది.

"నాదీ జానెడంటే జానెడే!" బుచ్చి తన బుల్లి చెయ్యి చాచింది.

అందరిదీ నిజమే. ఎవరి జాన వారిదే మరి! సూరన్నది దిట్టమైన చెయ్యి, బుచ్చిది లేత తమలపాకంత చెయ్యి. పంతులుగారు తల పట్టుకున్నారు. జానెడన్నారు గానీ ఎవరి జానో చెప్పలేదాయన.

సూరన్న ఉలి తీశాడు. తన కాలు కోశాడు. కొంచెం ఎక్కువ తెగింది. లచ్చి కాలు కోసింది. అదీ ఎక్కువ తెగింది. కోసి నిలబెడితే ఏనుగు పోయి దున్నపోతైంది. మళ్లీ కోసి నిలబెడితే దున్నపోతు పోయి పందైంది. మూడోసారి కోస్తే పంది కూడా కాదు, తొండమున్న బల్లి! పైగా ఇంకా కుంటుతూనే ఉంది. చెక్కడానికి ఊళ్లో జానెడు పొణికి మిగల్లేదు. పొద్దువాలితే జాతర.

బుచ్చి ఏడుపందుకుంది. "మామ్మా, పెదకాపు బడి తీసేస్తాడు. నన్ను మేకల వెనక తోలేస్తారు."

నాంచారమ్మ బుచ్చి కళ్లు తుడిచింది. పిల్లలకైతే ఇంకో బడి, ఇంకో ఏడు ఉంటాయేమో. ఆమెకి ఉన్నది ఈ బడే. ఇంకా "క" గుణింతం కూడా రాలేదు. అయినా ఏడవలేదు. ఆ కురచకాళ్ల ఏనుగుని అటు తిప్పింది, ఇటు తిప్పింది. ఉన్నట్టుండి ఫక్కున నవ్వింది.

"ఒరే పిల్లలూ, దొరవారి ఏనుగు మన ఏట్లో దిగినప్పుడు చూశారా?"

"చూశాం!"

"దాని కాళ్లు చూశారా?"

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "లేదు మామ్మా! నీళ్లలో ఉన్నాయిగా!"

"మరింకేం? మన ఏనుగు ఏట్లో దిగింది. పట్టండి మక్కు!"

ఇక చూడండి ఆ హడావుడి! ఒకడు పొట్టు తెచ్చాడు, ఒకతె బంక తెచ్చింది, అందరూ కలిసి పిసికారు. వెడల్పాటి పాత పలక మీద ఏనుగుని పెట్టి పొట్ట దాకా మక్కు మెత్తారు. వేళ్లతో గీసి అలలు చేశారు. నీలిరంగు పూశారు. బుచ్చి ఒక చేపని కూడా పెట్టింది, ఏనుగు చెవంత చేప! మక్కు ఆరాలి కదా? విసనకర్రలు పట్టారు, చాటలు పట్టారు, పంతులుగారు పైపంచె తీసి విసిరారు. విసిరి విసిరి చేతులు పడిపోయే వేళకి, డప్పులు మోగనే మోగాయి.

బొమ్మల బండి కదిలింది. పెదకాపు ముందు నడిచాడు. కొండ మలుపులో చక్రం బండరాయెక్కి ధన్‌మంది. పైవీధి చిలక పడింది. నడివీధి ఎడ్లబండి పడింది. పెదకాపు వీధివాళ్లు చేసిన తాటిచెట్టు మీద కల్లు గీతగాడు చెట్టుతో సహా పడ్డాడు. బడిపిల్లల ఏనుగు మాత్రం తన ఏట్లో తాను హాయిగా నిలబడింది!

పిల్లల కేకకి కొండ మీది పిట్టలన్నీ లేచాయి. పెదకాపు మొహం మాడిపోయింది. వంగి చూశాడు.

"నిలబడింది సరే. పిల్లల్ని చెయ్యమన్నాను గానీ ముసల్దాన్ని చెయ్యమన్నానా? ఇందులో దీని చెయ్యి ఉంది. చెల్లదు."

నాంచారమ్మ తల దించుకుని వెనక్కి జరిగింది. తన మూలంగా పిల్లల బడి పోతుందని ఆమెకి ఏడుపొచ్చింది. అప్పుడు ఎవరొచ్చారు ముందుకి? చిట్టి బుచ్చి!

"మామ్మ చెయ్యి ఉంది. నా చెయ్యీ ఉంది. సూరన్న చెయ్యీ, లచ్చి చెయ్యీ ఉన్నాయి. ఏది మామ్మదో, ఏది మాదో నువ్వే చూసి తీసెయ్ తాతా. తీసేసి నిలబెట్టు, చూద్దాం."

పెదకాపు చూశాడు. ఒకే మక్కు, ఒకే ఏరు. ఎవరి వేలు ఏ అల గీసిందో ఆ కొండమ్మతల్లికే తెలియాలి. జనం నవ్వారు. చివరికి పెదకాపుకి కూడా నవ్వాగలేదు. బడి నిలబడింది.

మర్నాడు పంతులుగారు పిల్లలందరి చేతులూ వరసగా చాపించారు. "ఇకమీద ఒకే జాన. ఎవరిది పెట్టుకుందాం?"

"నాంచారమ్మ మామ్మది!" అన్నాడు సూరన్న. "మా చేతులు ఏటేటా పెరుగుతాయి. మామ్మ చెయ్యి పెరగదుగా!"

అప్పట్నుంచి ఎవరు ఏ బొమ్మ మొదలుపెట్టినా నాంచారమ్మ వచ్చి కర్ర మీద చెయ్యి చాచేది. బళ్లో పిల్లలు మారారు, ఆ చెయ్యి మారలేదు. ఆమె గుణింతాలన్నీ నేర్చింది, తన పేరు తను రాసుకుంది. ఒకనాడు పోయింది.

ఊరంతా ఏడ్చింది. ఏడ్చి, మళ్లీ జాతరొస్తే కర్ర ముందేసుకుని కూచుంది. కొలిచే చెయ్యేదీ? అప్పటికి పెళ్లీడుకొచ్చిన బుచ్చి లేచి చెయ్యి చాచింది. "మామ్మ చేతి మీద నా చెయ్యి ఎన్నిసార్లు పెట్టి చూసుకున్నానో! నా చిటికెన వేలి పై గణుపు వదిలేస్తే మామ్మ జాన." అలా కొలిచి బడి అరుగు స్తంభానికి గీత పెట్టింది.

ఆ ఊళ్లో ఇప్పటికీ కొలత ఆ గీతే. నలుగురు కూచుని ఏ పని మొదలుపెట్టినా, పెళ్లిపందిరైనా సరే, గోడైనా సరే, ముందు ఒకరు అడుగుతారు.

"ఎవరి జాన?"

మిగతావాళ్లంతా చేతులు చాచి ఒక్క గొంతుతో అంటారు.

"నాంచారమ్మ జాన!"