గొడ్డలి దిగిందా, లేదా?

పిల్లలూ, పొద్దుట్నుంచి ఆ ఫోన్లో ఒకే బొమ్మ ముక్కని పదిసార్లు చూశారు కదా, ట్రైలరు అంటారే, అది. దాన్ని అసలెందుకు తీస్తారో ఎవరైనా చెప్పండి చూద్దాం? అరవకూడదు, చెయ్యెత్తి చెప్పాలి.

"సినిమా బావుంటుందని చెప్పడానికి అమ్మమ్మా!"

సగం మార్కులే. ఇంగువ పోపు వేస్తే వాసన వీధి చివరిదాకా వెళ్తుంది. కూర మాత్రం గిన్నెలోనే ఉంటుంది. ట్రైలరంటే ఆ పోపు వాసన. అర్థమైందా? మీకు అర్థమైంది. అర్థం కాని ముగ్గురు ఉండేవారు. ఈ మినపప్పు చేట పక్కన పెట్టి వాళ్ళ సంగతి చెప్తాను, వినండి.

ముక్కాంపేటలో అప్పలకొండ, అతని పెళ్ళాం నూకరత్నం, తమ్ముడు సన్యాసి ఒకే ఇంట్లో ఉండేవారు. తమంత తెలివైనవాళ్ళు చుట్టుపక్కల ఏడూళ్ళలో లేరని ముగ్గురికీ గట్టి నమ్మకం. గొడుగు తడిస్తే పాడవుతుందని, వానొస్తే దాన్ని మడిచి చంకలో దాచి, తాము తడుస్తూ ఇంటికొచ్చేవారు. తాళంచెవి పోతే ఎంత ఇబ్బంది! అందుకని దాన్ని వీధి తలుపుకే మేకు కొట్టి, తాళం పక్కనే వేలాడదీశారు. "ఇంక ఎలా పోతుందో నేనూ చూస్తాను," అనేవాడు సన్యాసి.

ఆ ఊళ్ళో సత్యవాణి టాకీసు అని మూడు వందల కుర్చీల హాలు ఉంది. దాన్ని నడిపేది దాలినాయుడు. అందులో సగం వాటా అతని బావమరిది, రైసుమిల్లు గౌరునాయుడిది. "జనం రాని హాలెందుకు బావా? గోడౌను చేసేద్దాం," అని అతని గోల. చివరికి పందెం పడింది. కొత్త బొమ్మ 'నిప్పుల గొడ్డలి' వస్తోంది. శుక్రవారం, శనివారం, రెండు రోజులూ సాయంత్రం ఆటలో ఒక్క కుర్చీ కూడా ఖాళీగా కనబడకూడదు. కనబడిందా, ఆదివారం పొద్దున్నే ధాన్యం బస్తాలు హాల్లో దిగుతాయి. కనబడకపోతే గౌరునాయుడు ఇంక హాలు జోలికి రాడు. తాత కట్టించిన హాలు మరి! దాలినాయుడికి అన్నం సయించడం మానేసింది.

ప్రచారం చేసే మనిషి చూస్తే పెళ్ళికని వెళ్ళి మళ్ళీ రాలేదు. ఇంకేముంది, "మేమున్నాంగా, తెలివైనవాళ్ళం!" అని ముగ్గురూ హాజరయ్యారు. దాలినాయుడు వాళ్ళని కూర్చోబెట్టి ట్రైలరు వేయించాడు. హీరో గొడ్డలి ఎత్తాడు. దొంగ మెడ వంచాడు. గొడ్డలి గాల్లో ఉండగానే తెర మీద 'ఈ శుక్రవారం' అని అక్షరాలు!

"అయ్యో, దిగిందా లేదా?" అని నూకరత్నం లేచి నిలబడింది.

"అదీ కిటుకు!" అన్నాడు దాలినాయుడు. "ఏదైనా సగమే చూపించాలి. మిగతా సగం కోసం జనం మీ వెంట పడాలి. అంతే. ఇంకేం గుర్తుపెట్టుకోకపోయినా ఫరవాలేదు."

వాళ్ళు అదొక్కటే గుర్తుపెట్టుకున్నారు.

మూడు వందల పోస్టర్లనీ ఇంటికి తీసుకెళ్ళి, హీరో నడుం దగ్గర అడ్డంగా కత్తిరించారు. కింది సగాలు ఊరంతా అంటించారు. పై సగాలు, అంటే మీసాలూ మొహాలూ, ధాన్యం గదిలో దాచారు. తెల్లారేసరికి ఏ గోడ చూసినా రెండు కాళ్ళు! టీకొట్టు దగ్గర ఒకటే చర్చ.

"ఈ కాళ్ళెవరివిరా?"

"పోలీసువి."

"చెప్పుల్లేని పోలీసేమిట్రా? దేవుడేమో!"

ఎందుకైనా మంచిదని ఒక ముసలమ్మ ఆ కాళ్ళకి పసుపు కూడా రాసింది.

తర్వాత మైకు. సన్యాసి రిక్షాలో కూర్చుని, కాగితం మీద ఉన్నది సగం చదివాడు. "ఇన్నాళ్ళూ పెద్దమనిషిలా తిరిగిన దొంగ ఎవరో, ఈ శుక్రవారం సాయంత్రం, సత్యవాణి టాకీసులో..." అంతే, టక్కున మైకు కట్టేశాడు. 'వెండితెరపై చూసి ఆనందించండి' అన్న మిగతా సగం జేబులో పెట్టుకున్నాడు. పాలవాడికి చెమటలు పట్టాయి. రేషను డీలరు తూకం రాళ్ళు మార్చేశాడు. ఆ వారమంతా ముక్కాంపేటలో పాలు ఎంత చిక్కగా వచ్చాయంటే, పిల్లలు తాగడానికి భయపడ్డారు. శుక్రవారం సాయంత్రానికి, దొంగెవరో చూడాలని కొందరూ, తన పేరు బయటికొస్తుందేమోనని కొందరూ, ఊరు ఊరంతా హాలు ముందే ఉంది.

హాలు కిక్కిరిసింది. గౌరునాయుడే గోడకానుకుని నిలబడి చూడాల్సి వచ్చింది. ఎనిమిది రీళ్ళు ఆడాయి. హీరో గొడ్డలి ఎత్తాడు. దొంగ మెడ వంచాడు. అంతే! తెర ఖాళీ.

ఆపరేటరు కిటికీలోంచి తల బయటపెట్టి, "రెండో పెట్టె ఏదయ్యా?" అని అరిచాడు.

బస్సు దగ్గర్నుంచి రీళ్ళ పెట్టెలు తెచ్చే పని అప్పలకొండది. "ఒకటి ఇక్కడికి తెచ్చాను. ఒకటి ఇంట్లో దాచాను. సగమే కదండీ చూపించాలి?"

"ఓరి నీ తెలివి తగలెయ్యా! గోడ మీద సగంరా! హాల్లో కూడానా?" అని నెత్తి బాదుకున్నాడు దాలినాయుడు.

మూడు వందల మంది ఒక్కసారి లేచారు. ముగ్గురూ లగెత్తారు. వెనకాల ఊరంతా. సన్యాసి పరిగెడుతూనే వెనక్కి చూసి పొంగిపోయాడు. "అన్నా, నాయుడుగారు చెప్పినట్టే వెంట పడ్డారే!"

"కాస్త మెల్లిగా పరిగెత్తరా, పాపం ముసలాళ్ళు వెనకబడుతున్నారు," అన్నాడు అప్పలకొండ.

ఇంటికి తాళం వేసుంది. కానీ తాళంచెవి తలుపుకే ఉందిగా! జనమే తెరుచుకుని, పెట్టె నెత్తికెత్తుకుని, ఊరేగింపుగా హాలుకి తెచ్చారు. మిగతా బొమ్మ పడింది. ఈలలే ఈలలు. ఒక్క గౌరునాయుడు మాత్రం 'ఇంకేం వేస్తార్లే' అనుకుని అప్పటికే ఇంటికెళ్ళిపోయాడు. పాపం, అతనికి గొడ్డలి గాల్లోనే ఉండిపోయింది.

దాలినాయుడు ముగ్గురికీ దణ్ణం పెట్టాడు. "బాబూ, ఇవాళ్టి గండం గడిచింది. రేపు మాత్రం ఏదీ సగంలో ఆపకండి. ఏదీ దాచకండి. మొదట్నుంచీ చివరిదాకా పూర్తిగా చెప్పండి."

ఇంకేముంది! శనివారం పొద్దున్నే సన్యాసి మైకు పట్టుకున్నాడు. హీరో పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి, దొంగెవరో, పెళ్ళెవరితోనో, గొడ్డలేమైందో అంతా చెప్పాడు. మధ్యలో పాటలు పాడాడు. దెబ్బలాటల దగ్గర తన వీపు తనే కొట్టుకున్నాడు. ఆఖరికి 'శుభం' అని కూడా అన్నాడు. పక్క ఊళ్ళ నుంచి బండ్లు కట్టుకుని వస్తున్నవాళ్ళు దారిలోనే నిలబడి అంతా విని, "అయిపోయిందర్రా, పదండి," అని బండ్లు వెనక్కి తిప్పారు.

సాయంత్రం ఆరైంది. హాల్లో పిల్లి కూడా లేదు. వెనక వీధిలో గౌరునాయుడి ధాన్యం బండ్లు మాత్రం ముందుగానే వచ్చి నిలబడ్డాయి. దాలినాయుడు బయటి మెట్ల మీద తల పట్టుకుని కూలబడ్డాడు.

"బాధపడకండి నాయుడుగారూ," అన్నాడు అప్పలకొండ. "ఒక్క కుర్చీ ఖాళీగా కనబడకూడదు, అంతేగా?"

బండ్లవాళ్ళు కూడా 'ఎలాగూ హాల్లో దింపాల్సినవేగా' అనుకుని వెనక తలుపులోంచి బస్తాలు మోశారు. కుర్చీకో బస్తా. "మొహాల్లేకుండా కూర్చుంటే ఏం బావుంటుంది?" అని నూకరత్నం ఇంట్లో దాచిన పై సగాలు తెచ్చి బస్తాకొకటి అంటించింది. దీపాలార్పారు. బొమ్మ వేశారు.

గౌరునాయుడు వచ్చి తెర పక్క తలుపులోంచి తొంగిచూశాడు. మసక చీకట్లో మూడు వందల మీసాలు! ఒక్కడు దగ్గడు. ఒక్కడు రెప్ప వెయ్యడు. గౌరునాయుడు గబగబా తలుపు మూసేశాడు. మెట్ల దగ్గరికొచ్చి, "బావా, ఇంత శ్రద్ధగా బొమ్మ చూసే జనాన్ని నేను పుట్టాక చూళ్ళేదు. ఓడిపోయాను. హాలు నీదే," అన్నాడు.

లోపలి సంగతి తెలియని దాలినాయుడు నోరు తెరిచాడు. అప్పుడైనా ఆ ముగ్గురూ నోరు మూసుకోవద్దూ? సన్యాసి అడ్డమొచ్చాడు. "బాబూ, కాస్త ఆగండి. లోపలున్నవాళ్ళంతా మీ మిల్లువాళ్ళే. ఒక్కడూ టిక్కెట్టు కొనలేదు. అడిగితే పలకడం లేదు."

గౌరునాయుడు మళ్ళీ వెళ్ళి ఒక మీసాన్ని తట్టాడు. జలజలా ధాన్యం రాలింది. ఒక్క క్షణం గుడ్లప్పగించాడు. తర్వాత పొట్ట పట్టుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాడు.

"ఖాళీ కుర్చీ కనబడలేదన్నది నిజమే కదా బావా! మాటంటే మాటే. హాలు నీదే. కానీ ఒక బస్తాని లేపి ఆ కుర్చీ నాకిప్పించు. నిన్నట్నుంచి నాకు కునుకు లేదు. ఆ గొడ్డలి దిగిందో లేదో నా కళ్ళతో నేను చూడాలి."

"అయ్యో, దానికోసం అంతసేపు కూర్చోవాలా బాబూ!" అంది నూకరత్నం జాలిగా. "నేను చెప్తానుండండి. ఆ గొడ్డలి..."

"వద్దు తల్లీ!" రెండు చెవులూ మూసుకుని వీధిలోకి పరుగు లంకించుకున్నాడు గౌరునాయుడు.

"ఏదీ దాచొద్దన్నారండీ! వినిపోండి!" అంటూ వెనకాలే ముగ్గురూ, మైకుతో సహా, రిక్షాతో సహా. ఊరి పొలిమేర దాటేదాకా తరిమారట.

ఏమిటర్రా, అందరూ కలిసి నా కొంగు పట్టుకున్నారు?

"ఇంతకీ గొడ్డలి దిగిందా అమ్మమ్మా?"

తప్పుకోండి, తప్పుకోండి. చేటలో మినపప్పు ఇంకా సగం ఏరనే లేదు. ఇప్పుడు నానబెట్టకపోతే రేపు పొద్దున్న మీకు ఇడ్లీ ఎక్కడిది?