ఏ లప్పం మంచిదండీ?

భూషణానికి వేరే చింతలేవీ లేవు. కాలేజీలో కెమిస్ట్రీ పాఠం చెబుతాడు, జీతం వేళకొస్తుంది, ఒంట్లో బాగానే ఉంటుంది. ఉన్నదల్లా ఒకటే బెంగ. ప్లాస్టిక్ విమానం బొమ్మ అతికిస్తే ముక్కల మధ్య సందు వస్తుంది కదా, ఆ సందులో ఏ లప్పం పెట్టాలి?

మీకిది నవ్వులాట కావచ్చు. ఆయనకి నిద్రపట్టేది కాదు.

కాకినాడలో ఈ విద్యకి గురువు ఎస్తేరు డాక్టరమ్మ. పళ్ల డాక్టరుగా ఊళ్లో సగం మంది నోళ్లు చూసి, రిటైరయ్యాక ఆ క్లినిక్‌లోనే ఓడలూ విమానాలూ కట్టడం మొదలుపెట్టింది. కుర్చీ అక్కడే ఉంది, పైన దీపం అక్కడే ఉంది, పేషెంట్లు కూర్చునే బల్ల మీద ఇప్పుడు శిష్యులు కూర్చుంటారు. ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చి తలుపు తీసేసరికి నలుగురైదుగురు తమ తమ బొమ్మలు ఒళ్లో పెట్టుకుని సిద్ధంగా ఉంటారు. ఆవిడది పొదుపైన నోరు. నోట్లో దూది కుక్కుకున్న మనుషుల మధ్య బతికింది పాపం, కబుర్లు ఎక్కడ అలవాటవుతాయి?

భూషణం మాత్రం ఒళ్లో ఏమీ లేకుండా వచ్చేవాడు. వచ్చి ప్రశ్న అడిగేవాడు.

"డాక్టరమ్మగారూ, ట్యూబు లప్పం ఆరితే కుంచించుకుపోతుందంటున్నారు. రెండు ముద్దలు కలిపి పిసికేది కుంచించుకుపోదు గానీ గీకడం కష్టమట. సూపర్‌గ్లూలో పౌడరు కలిపితే ఇట్టే గట్టిపడుతుంది గానీ, ఆలస్యం చేస్తే రాయైపోతుందట. ఇంతకీ ఏది మంచిదండీ?"

"సందు ఎంత?" అనేది డాక్టరమ్మ.

"ఎంతో కొంత అనుకోండి."

"వెంట్రుక పట్టేదా, వేలు పట్టేదా?"

"రెండింటికీ పనికొచ్చేది చెప్పండి."

ఆవిడ తన పనిలో పడిపోయేది. భూషణం దారిలో ఇంకో ట్యూబు కొనుక్కుని ఇంటికెళ్లేవాడు. చివరికి గోడలకి పూసే లప్పం కూడా ఒక ప్యాకెట్టు తెచ్చాడు, ఎందుకైనా మంచిదని.

ఇంట్లో సంగతి వేరు. ఆ విమానం, పెద్ద డకోటా, ఆయన భార్య వసుంధర కొనిపెట్టింది. చిన్నప్పుడు అలాంటిది షాపు అద్దంలో చూసి ఏడ్చానని భూషణం ఎప్పుడో మాటవరసకి అన్నాడు. ఆవిడ అది గుర్తుపెట్టుకుని, ట్యూషన్లు చెప్పి కూడబెట్టి, పెళ్లిరోజుకి తెప్పించింది. పెట్టె బీరువా మీదకెక్కి కూర్చుంది. మళ్లీ పెళ్లిరోజు దగ్గరపడింది. ఒక పొద్దున కాఫీ ఇస్తూ అంది:

"నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. నేనేం అనుకోను. తిరిగిచ్చేద్దాం."

'నేనేం అనుకోను' అని భార్య అన్నదంటే ఎంత అనుకుందో పెళ్లయినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆదివారం భూషణం లప్పాలన్నీ సంచీలో వేసుకుని, అందరికంటే ముందు క్లినిక్‌కి పోయి కూర్చున్నాడు.

"ఇవాళ తేలిపోవాలండీ. మా ఆవిడ తిరిగిచ్చేద్దామంటోంది. ఏది పెట్టమంటారు?"

"విమానం పట్టుకురా. సందు చూపించు, చెబుతాను."

పరుగున ఇంటికెళ్లాడు. పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరుతుంటే వసుంధర గుమ్మంలోకి వచ్చి చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

క్లినిక్‌లో పెట్టె దించాడు. కొన్ననాటి పల్చటి ప్లాస్టిక్ కవరు నాలుగు పక్కలా బిగుతుగా, ఒక్క చిరుగు లేకుండా తళతళలాడుతోంది.

బల్ల మీద శిష్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పోర్టులో పనిచేసే అప్పలస్వామికి నోరాగలేదు. "ఆలు లేదు, చూలు లేదు..." అని అక్కడితో ఆపాడు. మిగతాది తలా కాస్త నవ్వుకున్నారు.

డాక్టరమ్మ నవ్వలేదు. "రా, కూర్చో," అంది, పేషెంట్ల కుర్చీ చూపించి.

ఏదో ఉపదేశం కాబోలనుకుని భూషణం భక్తిగా కూర్చున్నాడు. ఆవిడ కుర్చీ వెనక్కి వాల్చింది. మెడకి తువ్వాలు కట్టింది. దీపం మొహం మీదకి లాగింది. చేతులు కడుక్కుని గాజుపలక మీద సిమెంటు కలపడం మొదలుపెట్టింది. లవంగనూనె వాసన గుప్పుమంది. భూషణం పెదాలు బిగించేశాడు.

"గట్టిది పెట్టనా, మెత్తటిది పెట్టనా?" అడిగింది.

"ఎందులో అండీ?"

"పంట్లో."

"ఏ పంట్లో?"

"ఏదో ఒక పంట్లో."

"నా పళ్లన్నీ లక్షణంగా ఉన్నాయండీ. పిప్పిపన్ను ఒక్కటీ లేదు."

"నేను చూళ్లేదుగా."

"చూడకుండా ఎలా పెడతారండీ? ముందు నోరు తెరిచి..."

అక్కడ ఆగాడు. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. డాక్టరమ్మ పలక పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

కుర్చీలో అలా వెల్లకిలా పడుకునే, పైకప్పుతో చెప్పినట్టు చెప్పాడు. "విప్పితే చెడగొడతానేమోనని భయమండీ. కష్టపడి కొంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ బల్ల మీద కూర్చున్న ప్రతివాడి ఇంట్లోనూ విప్పని పెట్టె ఒకటి ఉంది.

డాక్టరమ్మ కుర్చీ నిలబెట్టి, బ్లేడు చేతికిచ్చింది.

భోజనాలవేళ దాటేసరికి విమానం పొట్ట రెండు సగాలూ ఒకటయ్యాయి. ఎక్కడా సందు లేదు. అప్పలస్వామి గోరుతో తడిమి చూసి ఒప్పుకున్నాడు. రెక్క పెట్టేసరికి మాత్రం దాని మొదలు దగ్గర వెంట్రుకంత గీత తేలింది.

"డాక్టరమ్మగారూ, సందొచ్చిందండీ," అన్నాడు భూషణం. కొడుకు పుట్టాడని చెప్పినంత సంబరంగా అన్నాడు. సంచీ బోర్లించి లప్పాలన్నీ వరసగా పేర్చాడు. "ఇప్పుడు చెప్పండి, ఏది?"

ఆవిడ వాటివైపు చూడనైనా లేదు. తన చేతికందిన పాత ట్యూబు నొక్కి, సన్నటి పుల్ల కొసన ఆవగింజంత తీసి ఇచ్చింది. భూషణం ఊపిరి బిగబట్టి గీత వెంబడి రాశాడు. తెల్లటి రెక్క మొదట్లో బూడిదరంగు చార పడింది.

"అంతేనా అండీ?"

"అంతే. రేపటిదాకా దాన్ని ముట్టుకోకు."

విమానాన్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు. కళ్లు తడయ్యాయి. అంతలోనే మళ్లీ పాత భూషణం లేచాడు.

"ఇది ఆరాక ఇంకో పూత వేసి, నున్నగా గీకి, రంగేసి, ఎక్కడా అతుకు జాడ లేకుండా చేసి, అప్పుడు మా ఆవిడకి చూపిస్తానండీ. అన్నట్టు, రంగుల్లో ఏది మంచిదండీ?"

డాక్టరమ్మ లేచి వెళ్లి వీధి తలుపు బార్లా తీసింది.

"అతుకు కనిపిస్తున్నప్పుడే చూపించు," అంది.