ఓబులయ్య చెండాట

ఏడు వాగులు దాటి ఎనిమిదో వాగు ఒడ్డున నిలబడితే కుందనవరం కోట కనిపించేదట. మన తాతలకు ముత్తాతలు పుట్టని కాలంలో ఆ కోటను మహీధరుడనే రాజు ఏలేవాడు.

రాజుకు పాతికేళ్ళు. మనసు వెన్న. ప్రజలంటే ఆయనకు ప్రాణం. ప్రజల తర్వాత మళ్ళీ అంత ప్రాణం చెండాట.

చెండాట అంటే ఏమిటంటారా? మైదానం మధ్యలో నడుము ఎత్తున తాడు కడతారు. ఇటొకరు, అటొకరు నిలబడతారు. ఇద్దరి చేతుల్లోనూ వెడల్పాటి చెక్కతెడ్లు. చెట్టుపాలు గడ్డకట్టించి చేసిన చెండు నేలను తాకితే కుందేలుపిల్లలా ఎగురుతుంది. అది తమ వైపు రెండోసారి నేలను తాకేలోగా తాడు మీదుగా అవతలికి కొట్టాలి. మైదానం చుట్టూ గీసిన గీత దాటి పడకూడదు. ఒకరు తప్పితే ఎదుటివారికి ఒక గుర్తు, అనుకున్నన్ని గుర్తులు ముందు తెచ్చుకున్నవారిదే గెలుపు. అంతే ఆట.

రాజు రోజూ పొద్దున్నే ఆడేవాడు, రోజూ గెలిచేవాడు. ఎందుకు గెలవడు? ముసలి మంత్రి సుమంతుడు సరిగ్గా సమయానికి కాలు జారినట్టు తూలేవాడు. సేనాపతి చెండును గీత అవతలికి బాదేవాడు. పురోహితుడేమో కంట్లో దుమ్ము పడిందని నిలబడిపోయేవాడు. పాపం, రాజుకు ఇదేమీ తెలియదు. తన అంతటి ఆటగాడు భూమ్మీద లేడనే అనుకునేవాడు.

ఆ కోటలో ఓబులయ్య అనే వంటవాడు ఉండేవాడు. వయసు నలభై అయిదు. పొట్ట బానంత. రాజు పసివాడుగా ఉన్నప్పుడు చంకనెత్తుకుని, చందమామను చూపించి, పప్పన్నం తినిపించినవాడు అతనే. ఇప్పటికీ రాజు విస్తట్లో ఏమి వదిలేశాడో చూసి, ఆయన మనసు ఎలా ఉందో చెప్పగలడు.

ఓబులయ్యకూ చెండాటంటే చచ్చేంత ఇష్టం. కానీ వంటవాడితో ఆడేదెవరు? అందుకని మధ్యాహ్నం రాజభోజనం ముగిసి, కోటంతా కునుకు తీసే వేళ, పులిహోర కలిపే పాత తెడ్డు పట్టుకుని వంటశాల వెనక్కి వెళ్ళేవాడు. అక్కడ పొగచూరిన ఎత్తయిన గోడ ఉంది. ఆ గోడతోనే ఆడేవాడు.

మొదట గోడకు చెండు కొట్టి, తిరిగి వచ్చినదాన్ని మళ్ళీ కొట్టేవాడు. వంద లెక్కపెట్టేవాడు. తొంభై తొమ్మిది దగ్గర చెండు రెండుసార్లు నేలను తాకిందా, మళ్ళీ ఒకటి నుంచి మొదలు. తర్వాత తెడ్డు పక్కన పెట్టి, బండల మీద ముందుకీ వెనక్కీ పక్కలకీ చిన్న చిన్న అడుగులు వేస్తూ పరుగెత్తేవాడు. చెండు దగ్గరికి చేరని కాళ్ళుంటే ఎంత చెయ్యి ఉండీ ఏం లాభమని అతని నమ్మకం. చివరికి పెరటి కొసన మూతి విరిగిన కుండ పెట్టి, దూరం నుంచి చెండు ఎగరేసి కొట్టి, దానికి తాకించేవాడు.

భార్య గంగులమ్మ మొదట్లో నవ్వేది. గోడతో పోట్లాడే మగవాణ్ణి నిన్నే చూశానని ఆటపట్టించేది. తర్వాత తర్వాత గోడ పక్కన ఒక ముంత మజ్జిగ పెట్టి వెళ్ళిపోయేది. అలా పన్నెండేళ్ళు గడిచాయి.

ఇలా ఉండగా పొరుగు రాజు వీరకేసరి విందుకు వచ్చాడు. విస్తరి ముందే ఇద్దరు రాజులకూ చెండాట మీద మాట పెరిగింది. మాట పెరిగి పందెమైంది. కార్తీక పౌర్ణమి నాడు మూడాటలు ఆడాలి. రెండు గెలిచినవాడు ఎదుటివాడి సరిహద్దు గ్రామాలు మూడింటిని తీసుకోవాలి.

వడ్డిస్తున్న ఓబులయ్య చేతిలో గరిటె ఆగిపోయింది. మహీధరుడు ఒడ్డిన మూడింటిలో ఒకటి వెదుళ్ళపాడు, గంగులమ్మ పుట్టిల్లు. వీరకేసరి తన కోటగోడలు ఎత్తడానికి ఊళ్ళకు ఊళ్ళనే వెట్టికి తోలుకుపోతాడని అందరికీ తెలుసు.

సంగతి విని గంగులమ్మ పొయ్యి ముందు కూలబడింది. తమ్ముళ్ళిద్దరూ గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. మన రాజు గెలుస్తాడు కదా అని మొగుణ్ణి అడిగింది. రోజూ వంటశాల కిటికీలోంచి రాజు ఆట చూసేవాడు కనుక, ఆయన ఆట ఏపాటిదో ఓబులయ్యకు తెలుసు.

మర్నాడు పొద్దున అతను మైదానానికి వెళ్ళి చేతులు జోడించాడు. తనతో ఒక్కసారి ఆడమని వేడుకున్నాడు. సభవారు ముసిముసిగా నవ్వారు. రాజు మాత్రం ముచ్చటపడి సరేనన్నాడు.

ఆట మొదలైంది. రాజు కుడికి కొట్టాడు, ఓబులయ్య అక్కడున్నాడు. ఎడమకు కొట్టాడు, అక్కడా ఉన్నాడు. అంత పొట్టతో ఎలా చేరుతున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. మొదటి ఆట ఓబులయ్యది. రెండోదీ అతనిదే. మూడోదానిలో రాజుకు దక్కినవి రెండే గుర్తులు.

రాజు ముఖం కందగడ్డయింది.

"ఇన్నేళ్ళుగా నన్ను ఒక్కరూ గెలవలేదు. నువ్వెలా గెలిచావు?" అని అడిగాడు.

ఓబులయ్య చేతులు జోడించి చెప్పాడు.

"ఇన్నేళ్ళుగా మీతో ఎవరూ గెలవాలని ఆడలేదు ప్రభూ."

మంత్రి తల దించుకున్నాడు. సేనాపతి చూపు చెట్ల మీదికి పోయింది. రాజు తెడ్డు నేలమీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ పూట భోజనానికి రాలేదు. రాత్రికీ రాలేదు.

మూతలు పెట్టిన గిన్నెల ముందు ఓబులయ్య తల పట్టుకుని కూర్చున్నాడు. రాజు పొమ్మనక ముందే పొమ్మని సేనాపతి కబురు పంపాడు. గంగులమ్మ బట్టలు మూటగట్టింది.

"పోతే పోదామయ్యా. ఉన్నమాట చెప్పి పోతున్నాం, దొంగతనం చేసి కాదుగా," అంది.

మర్నాడు మధ్యాహ్నం మూట భుజానికెత్తుకోబోతుండగా పెరటి తలుపు తెరుచుకుంది. రాజు ఒంటరిగా నిలబడి ఉన్నాడు.

"నిన్నటి నుంచీ కోపం తగ్గలేదు, ఆకలీ తగ్గలేదు. ముందు అన్నం పెట్టు ఓబులయ్యా. తర్వాత నీ గురువెవరో చూపించు," అన్నాడు.

ఓబులయ్య కళ్ళు చెమర్చాయి. పప్పూ, నెయ్యీ, గోంగూర పచ్చడీ వేసి కడుపునిండా తినిపించాడు. తర్వాత పెరట్లోకి తీసుకెళ్ళి గోడ చూపించాడు. దాని నిండా చెండు తగిలిన గుండ్రటి మచ్చలు.

"ఈ గోడకు మీరు రాజని తెలియదు ప్రభూ. మీరెలా పంపితే అలాగే తిప్పి పంపుతుంది," అన్నాడు.

ఆ రోజు నుంచి కోటంతా కునుకు తీసే వేళ రాజు పెరట్లో ఉండేవాడు. మొదటి రోజు గోడతో ఏడు దెబ్బలు దాటలేకపోయాడు. బండల మీద అడుగులు వేయబోయి రెండుసార్లు బోర్లా పడ్డాడు. మొదటి వారంలో మూతి విరిగిన కుండకు ఒక్కసారీ తాకించలేదు గానీ, గంగులమ్మ పాలకుండను మాత్రం పగలగొట్టాడు. మర్నాడు కొత్త కుండ తానే మోసుకొచ్చి ఇచ్చాడు.

ఇరవయ్యో రోజున వంద పూర్తి చేశానని రాజు కేక వేశాడు. ఓబులయ్య లోపల పప్పు రుబ్బుతున్నాడు. చెండు మధ్యలో రెండుసార్లు పడ్డ చప్పుడు అతని చెవిన పడింది. అయినా రుబ్బుతూనే ఉన్నాడు. రాజు వెళ్ళిపోయాడు.

పొద్దు వాలకముందే రాజు తిరిగి వచ్చాడు. గుమ్మంలో నిలబడే చెప్పేశాడు.

"నలభై మూడు దగ్గర రెండుసార్లు పడింది. నీతో వంద అన్నాను. ఇన్నాళ్ళూ వాళ్ళు నన్ను మోసం చేశారని బాధపడ్డాను. ఇవాళ నన్ను నేనే మోసం చేసుకున్నాను."

ఓబులయ్యకు ఆ క్షణంలో ఆయన, ఒకప్పుడు తాను చంకనెత్తుకున్న పసివాడిలాగే కనిపించాడు. "రేపు ఒకటి నుంచి మొదలుపెడదాం ప్రభూ," అన్నాడు. ఆ మాట చాలింది.

పౌర్ణమి వచ్చింది. రెండు రాజ్యాల జనమూ మైదానం చుట్టూ చేరారు. వెదుళ్ళపాడు నుంచి గంగులమ్మ తమ్ముళ్ళూ వచ్చారు. వీరకేసరి ఏనుగులాంటివాడు. అతని దెబ్బకు చెండు ఈల వేసుకుంటూ వచ్చేది. మొదటి ఆట చూస్తుండగానే అతనిదైపోయింది. గంగులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

రెండో ఆటలో మహీధరుడు బలానికి బలం చూపించే ఆలోచన మానుకున్నాడు. వచ్చిన ప్రతి చెండునూ తిప్పి పంపడమే పనిగా పెట్టుకున్నాడు. కుడికి వస్తే కుడికి చేరాడు, ఎడమకు వస్తే ఎడమకు చేరాడు. వీరకేసరికి ఒక్కో గుర్తు కోసం నాలుగేసి దెబ్బలు కొట్టవలసి వచ్చింది. పాపం, అతని సభవారు కూడా అతన్ని నాలుగు దెబ్బలదాకా ఎన్నడూ ఆడనిచ్చినవారు కాదు. రొప్పుతూ ఆ ఆట పోగొట్టుకున్నాడు.

మూడో ఆట ఎండ నెత్తికెక్కేదాకా సాగింది. ఇద్దరూ సమానంగా వచ్చి, ఇక ఒక్క గుర్తు మిగిలింది. చెండు ఇటూ అటూ యాభైసార్లు తిరిగింది, అరవైసార్లు తిరిగింది. జనం ఊపిరి బిగబట్టారు. రాజు పెదవులు మాత్రం కదులుతూనే ఉన్నాయి. లెక్కపెడుతున్నాడని ఓబులయ్య ఒక్కడే గ్రహించాడు. డెబ్బై రెండో దెబ్బకు వీరకేసరి ఓపిక చచ్చి, ఉన్న బలమంతా కూడగట్టి బాదాడు. చెండు గీతకు జానెడు అవతల పడింది.

గెలిచిన మహీధరుడు పొరుగు గ్రామాలు తనకు వద్దన్నాడు. ఊళ్ళను పందెం కాయడమే తన తప్పని అందరి ముందూ ఒప్పుకున్నాడు. వెట్టికి పట్టుకుపోయినవారిని ఇళ్ళకు పంపితే చాలని వీరకేసరిని కోరాడు. ఓడినవాడు కాదనలేకపోయాడు.

ఆ మర్నాడు రాజు సభవారిని మైదానానికి పిలిచి, ఇకమీదట తనతో ఎవరు ఆడినా నిజంగానే ఆడాలని ఆజ్ఞాపించాడు. ముందుగా ముసలి మంత్రి తెడ్డు పట్టాడు. ఆయన వయసులో ఉండగా ఎంతటి ఆటగాడో అప్పుడు గానీ ఎవరికీ తెలియలేదు. రాజు వరసగా మూడాటలూ ఓడిపోయాడు.

చెమటలు కక్కుతూ, కడుపుబ్బ నవ్వుకుంటూ, ఆయన నేరుగా వంటశాలకు వచ్చి ఓబులయ్య ముందు పీట వాల్చుకుని కూర్చున్నాడు.

కాబట్టి పిల్లలూ, పొగిడేవారి మధ్య గెలిచిన వంద ఆటలకన్నా, ఎవరూ చూడని చోట నిజాయితీగా చేసిన సాధన మిన్న.