వెనక దిక్కు ఏడుపు

భీమపాలుడనే రాజుకు జనం గోడు వినే తీరిక లేదు గానీ, శబ్దాల పిచ్చి మాత్రం జాస్తి. సభలో నాలుగు దిక్కులా తెరల చాటున వాద్యగాళ్లను కూర్చోబెట్టి, తాను నడుమ కూర్చుని, కోరితే యుద్ధం, కోరితే వాన వినేవాడు. ఏ దిక్కు ఎంత మోగాలో సరిచేసేది డప్పుల ఓబులేసు.

ఒకనాడు రాజు, "నేను పోతే రాజ్యం ఎలా ఏడుస్తుందో వినిపించు. తేడా వస్తే తల తీయిస్తా" అన్నాడు.

మర్నాడు సభలో ఏడుపులు హోరెత్తాయి. రాజు మురిసిపోయి, "ఎడమపక్క కాస్త తగ్గించు" అన్నాడు. అంతలోనే ముఖం చిట్లించాడు.

"వెనక ఏడుపేదిరా? రోకటిపోటు వినిపిస్తోందే!"

ఆ రాజ్యంలో బిచ్చగాడు పోయినా, శవం లేచేదాకా ఏ ఇంటా రోకలి ఎత్తరు.

"మూడు దిక్కులా కూలికి ఏడుస్తున్నారు ప్రభూ. వెనక మాత్రం ఊరివైపు కిటికీ తెరిచిపెట్టాను. తమరు పోయారని పొద్దున్నే చాటింపు వేయించాను."

రాజు చెవులు మూసుకుని, "ఆపరా దాన్ని!" అని అరిచాడు.

"అది నా చేతిలో లేదు ప్రభూ. ఇన్నాళ్లూ తమ చేతిలోనే ఉండింది."