ఖాళీగా తిరిగే కోర్

కుముదిని గారు శిష్యులకు నెట్‌వర్క్ పని నేర్పేటప్పుడు ఫోన్ ఎదురుగా పెట్టుకునేవారు. గురువారాల్లో మాట మధ్యలో కూడా దాని మీదే చూపు. కంట్రోల్ రూమ్‌లో ఫోన్లు మోగకూడదు. కాబట్టి చూస్తూ ఉండటమొక్కటే దారి.

ఒక గురువారం విభాకర్ అనే శిష్యుడు ఒక సర్వర్ పనితీరు లెక్కలు తెరిచాడు. ఆ ఒక్క సర్వర్ లోపలే ఎన్నో వర్చువల్ మెషీన్లు, అంటే వేర్వేరు కంప్యూటర్లలా పనిచేసే ప్రోగ్రాములు, నడుస్తున్నాయి. బయటి నుంచి వచ్చే డేటా ప్యాకెట్లను అందుకుని, ఎవరివి వాళ్లకు చేర్చడానికి ప్రాసెసర్‌లోని ఒక భాగాన్ని, ఒక కోర్‌ను, విడిగా ఉంచారు. ప్యాకెట్ వచ్చిందని దాన్ని ఎవరూ తట్టి లేపరు. అదే ఆగకుండా చూస్తూ ఉంటుంది.

“పొద్దుటి నుంచి ప్యాకెట్లే లేవు మేడమ్. అయినా నూటికి నూరు శాతం బిజీ అంటోంది. ఊరికే కూర్చుని జీతం తీసుకుంటున్నట్టుంది. ఇంకో మెషీన్ పని కూడా దీనికే అప్పజెబితే ఏం పోతుంది?”

జవాబు చెప్పేలోగా సర్వర్ గది నుంచి ఆవిడకు పిలుపు వచ్చింది. ఏదో కేబుల్ పాడైంది. ఆ గదిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. ఆవిడ కాసేపు తటపటాయించి ఫోన్‌ను అతని ముందుకు జరిపారు.

“జైలు నుంచి మా అబ్బాయి చేస్తాడు. వారానికి ఒక్కసారే. ఎత్తకపోతే వరసలో వెనకవాళ్లకు ఇచ్చేస్తారు, మనం తిరిగి చేయడానికి ఉండదు. మొన్న బెయిలు రాలేదు బాబూ. అప్పట్నుంచి అన్నం ముట్టడం లేదని లాయరు గారు చెప్పారు. తెర వెలగ్గానే ఎత్తి, అమ్మ వస్తోందని చెప్పి నన్ను పిలువు. ఇంకేం చేయకు.”

విభాకర్ చూస్తూ కూర్చున్నాడు. తెర నల్లగా ఉంది. చాలాసేపు నల్లగానే ఉంది.

పక్క సీట్లో పనిచేసే పద్మజ నవ్వింది. “ఏంటి, ఫోన్‌కి కాపలానా? ఖాళీయేగా, నా ప్రోగ్రాములో ఈ ఒక్క లైను చూసిపెట్టు.”

ఒక్క లైనే. అందులో తప్పుంది. అదేమిటో పట్టుకుని దిద్ది, ఇటు తిరిగాడు. తెర నల్లగానే ఉంది.

కుముదిని గారు చేతులు తుడుచుకుంటూ వచ్చారు. “చేశాడా?”

“లేదు మేడమ్. చూస్తూనే ఉన్నాను.” అది అబద్ధమని అతనికి తోచలేదు.

ఆవిడ బటన్ నొక్కారు. తెర మీద ఒక మిస్డ్ కాల్ ఉంది. కుదరదని తెలిసీ ఆ నంబరుకు చేశారు. ఆ నంబరుకు కాల్స్ వెళ్లవని ఓ గొంతు చెప్పింది. మళ్లీ చేశారు. అదే గొంతు.

“మేడమ్, ఒక్క క్షణమే పక్కకు తిరిగాను. వచ్చే గురువారం...”

“అప్పటిదాకా తింటాడో లేదో.” ఆ మాట అతనితో అన్నట్టు లేదు.

పద్మజ లేచి మంచినీళ్లు తెచ్చి పెట్టింది. ఆవిడ తాగలేదు.

కాసేపటికి కుర్చీ విభాకర్ కంప్యూటర్ వైపు లాక్కున్నారు. అతని లెక్కలు ఇంకా తెరిచే ఉన్నాయి. చివరి గడి, అందుకోలేక జారవిడిచిన ప్యాకెట్లది. అందులో ఇప్పటికి సున్నా ఉంది. ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టారు.

“ఏం పోతుందని అడిగావు. ఎన్ని పోయాయో ఇక్కడ పడుతుంది నాయనా. ఏం పోయిందో పడదు.”