గడపమీది దీపం

విరూపాక్షయ్యగారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ప్రశ్న అడిగితే ముందు పత్తిబుట్ట దగ్గరికి లాక్కునేవారు. ఆశ్రమంలో వెలిగే దీపాలన్నిటికీ వత్తులు ఆయన చేసినవే. వేళ్ళ మధ్య పత్తి నలగడం మొదలైతే జవాబు వస్తుందని, బుట్ట పక్కకు జరిపితే ప్రశ్నలో పస లేదని శిష్యులకు అర్థం.

ఆశ్రమం ఉన్నది నాపరాళ్ళ నేలమీద. నీలాద్రి గోదావరి లంకల నుంచి అక్కడికి వచ్చినవాడు. చురుకైనవాడు, ఏ పనికైనా ముందు లెక్క కట్టుకునే మనిషి. సంగటిముద్ద తుంచుకుని మింగడం, చెంబెడు నీళ్ళతో సరిపెట్టుకోవడం, అక్కడివాళ్ళ యాస, అన్నీ పట్టుపట్టి నేర్చుకున్నాడు. అయినా ఒక ఉదయం మూట భుజాన వేసుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"స్వామీ, ఇక్కడి తిండి తింటున్నాను, ఇక్కడి మాట మాట్లాడుతున్నాను. కానీ నలుగురూ నవ్వినప్పుడు ఎందుకు నవ్వారో నాకు క్షణం ఆలస్యంగా తెలుస్తుంది. ఈ చోటు నాది కావడానికి ఇంకా ఎంత నేర్వాలి? సగం అయిందా, ముప్పాతిక అయిందా? మిగిలిందెంతో చెబితే ఉంటాను. లేదంటే మా ఊరు పోతాను. అక్కడ నేను నేర్వాల్సిందేమీ లేదు."

గురువు బుట్ట దగ్గరికి లాక్కున్నారు. "మూట దించు, నాయనా. బరువు మోస్తూ వినే సంగతి కాదు" అన్నారు. ఆయన చెప్పింది ఇది.

ఆశ్రమానికి ఆమడ దూరంలో నాపరాతి గని పక్కన ఒక పల్లె ఉంది. ఒక ఏడు తుఫానులో పడవ పోగొట్టుకున్న జంట ఒకటి సముద్రపు ఒడ్డునుంచి ఆ పల్లెకు వచ్చింది. ఎల్లాజి గనిలో కూలికి కుదిరాడు. అతడి భార్య నూకాలుకు అక్కడ అంతా వింతే. గాలిలో ఉప్పు లేదు. అలల మోత లేక నిద్ర పట్టేది కాదు. ఎండుచేపల బుట్ట మూత తీస్తే వీధి వీధంతా ముక్కు మూసుకుంది. అవన్నీ ఆమె ఓర్చుకుంది.

సముద్రపు ఒడ్డున వాళ్ళ పేటలో మగవాడు చేపల వేటకు పోతే, పొద్దు వాలగానే ఇంటి ఆడది గడపమీద దీపం పెడుతుంది. నీళ్ళమీద ఉన్నవాడికి ఇల్లు గుర్తుండాలని. తిరిగొచ్చినవాడు ఆ దీపాన్ని తన చేత్తో లోపలికి తెస్తాడు. గనికి పోయినవాడూ వేటకు పోయినవాడే కదా అనుకుంది నూకాలు. మొదటి సాయంత్రమే గడపమీద దీపం వెలిగించి అరుగుమీద కూర్చుంది.

పొరుగింటి ఓబులమ్మ పరుగున వచ్చి దీపం ఊది పారేసింది.

"ఏందమ్మే ఈ పని? మొగుడు బతికుండంగానే గడప మింద దీపం పెడ్తావా?"

"ఓలమ్మా! మా ఆడు ఇంటికి రావాలనే ఎట్టినాను."

"వచ్చేదానికి కాదు తల్లీ, పోయినందుకు పెడ్తాం మేము. అదీ ఇంటోళ్ళు పెట్టుకోరు. మనిషి పోయినాడని తెలిస్తే పక్కింటోళ్ళం పెడ్తాం. ఇంగోసారి పెట్టినావంటే వీధిలో నీకు నీళ్ళు గూడా పుట్టవు."

ఆ రాత్రి సంగతి విని ఎల్లాజి పగలబడి నవ్వాడు. "దీపం నాకెందుకే? ఈ రాళ్ళల్లో ములిగిపోతానేటి?"

ఆమె మానేసింది. జొన్నరొట్టె తట్టడం నేర్చింది, అక్కడి దేవతకు మొక్కడం నేర్చింది. "ఇప్పుడు నువ్వు తిట్టినా మా మాదిరే తిడ్తాండావు పో" అని ఓబులమ్మ మెచ్చుకునేదాకా వచ్చింది. కానీ పొద్దు వాలితే ఆమె చెయ్యి నూనెగిన్నె దాకా పోయి వెనక్కి వచ్చేది. "దీపం లేని గడప చూస్తే ఆడు రాడేమోనని బెంగ, ఓబులక్కా" అని ఒకసారి చెప్పుకుంది కూడా.  ఓబులమ్మ ఆమె తల నిమిరింది.

ఒక ఎండాకాలం ఊరిబావి ఎండిపోయింది. నూకాలు నీళ్ళకోసం వంక దాకా పోయింది. ఆ మధ్యాహ్నమే గనిలో రాతిపలక విరిగి పడింది. కింద ఎల్లాజి ఒక్కడే ఉన్నాడు.

పొద్దు వాలుతుండగా ఆమె నీళ్ళబిందెతో వీధి మలుపు తిరిగింది. తన గడపమీద దీపం కనబడింది.

ఇక్కడ గురువు వేళ్ళు ఆగిపోయాయి. "అప్పటికే ఆ ఇంటి అరుగుమీద చేరి కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను" అన్నారు. మళ్ళీ పత్తి అందుకుని చెప్పారు.

ఆమె నడక తొందరైంది. బిందెలో నీళ్ళు తొణికి పోతున్నా చూసుకోలేదు. ముఖం నిండా నవ్వు. దూరం నుంచే కేకేసింది.

"ఓబులక్కా! నువ్వే ఎట్టినావు కదూ? నాకు తెలుసు, నువ్వే ఎట్టుంటావు!"

ఎవరూ తల ఎత్తలేదు.

"ఉండు, ఆర్పకు. ఆడు రానీ. ఆడి సేతే లోనికి తెప్పిస్తాను."

ఓబులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నూకాలు వాకిట్లోకి వచ్చి, దీపాన్ని చూసి, అరుగుమీది మనుషులను చూసి, మళ్ళీ దీపాన్ని చూసింది. అది ఆ ఊరి దీపమని ఆమెకు క్షణం ఆలస్యంగా తెలిసింది. బిందె మాత్రం కింద పడనివ్వలేదు. నీళ్ళకు కరువున్న చోట బిందె ఎలా దించాలో ఆమె బాగా నేర్చుకుంది. మెల్లగా దించి, దాని పక్కనే కూలబడింది.

 నీలాద్రి చూపు తన మూటమీద ఉంది. అలా చూస్తూనే అడిగాడు. "ఆ తర్వాత ఆమె తన ఊరికి వెళ్ళిపోయిందా, స్వామీ?"

విరూపాక్షయ్యగారు చేతిలో మిగిలిన వత్తిని బుట్టలో వేశారు.

"వెళ్ళింది, నాయనా. నెల తిరక్కుండానే తిరిగొచ్చింది. అక్కడ పొద్దు వాలితే ప్రతి గడపమీదా దీపమే. ఏది చూసినా ముందు, ఈ ఇంట్లో ఎవరు పోయారని అడిగేదట."