మల్లికి పెట్టిన జొన్నలు

అనగనగా ఒక ఊళ్ళో... ఇదిగో, దుప్పటి తన్నకుండా వింటేనే చెబుతాను. ఆ ఊళ్ళో నీలవేణి అని ఒక పిల్ల ఉండేది. ఆ పిల్ల పెంచుకునే తెల్ల పావురం పేరు మల్లి. నీలవేణి బడి నుంచి రాగానే భుజమెక్కి కూర్చునేది.

ఆ ఇంట్లో ఒక పట్టింపు ఉండేది. ఖాళీ కడుపుతో ఎవ్వరినీ గడప దాటనిచ్చేవారు కాదు. కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినవాడు కూడా ఇడ్లీ తినే వెళ్ళాలి!

ఒకరోజు మల్లి రెక్క కింద గడ్డ లేచింది. అప్పుడు పశువుల డాక్టరమ్మ చూసి, "రేపు మత్తిచ్చి తీసేస్తాను. పొద్దున మాత్రం ఏమీ పెట్టకండి. కడుపులో తిండి ఉంటే మత్తు ప్రాణం మీదికి తెస్తుంది" అని గట్టిగా చెప్పింది.

పొద్దున్నే మల్లి ముక్కుతో పళ్ళేన్ని టకటకా కొట్టింది. అమ్మ మొహం తిప్పుకుంది. తాతయ్యా మొహం తిప్పుకున్నాడు. నీలవేణి మాత్రం చూస్తూ ఊరుకోలేకపోయింది. ఎవరూ చూడకుండా నాలుగు జొన్నలు పెట్టేసింది. నాలుగు గింజలకి ఏమవుతుందిలే అనుకుంది.

ఆ తర్వాత ముగ్గురూ కలిసి మల్లిని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, "మల్లి దక్కలేదమ్మా. మధ్యలో ఊపిరి ఆగిపోయింది. పొద్దున ఏమైనా పెట్టారా?" అంది. ముగ్గురూ నోరు విప్పలేదు.

మల్లిని పెరట్లో పూడ్చారు. నీలవేణి ఆ రోజు అన్నం ముట్టలేదు. మర్నాడూ సరిగ్గా తినలేదు. మూడో రోజు అమ్మ ఒళ్ళో పడి బావురుమంది.

"అమ్మా, మల్లిని నేనే చంపేశానే! నాలుగు గింజలు పెట్టాను."

అప్పుడు అమ్మ ఏమందో తెలుసా? "నేనూ పెట్టానే, గుప్పెడు" అంది. గుమ్మంలో నిలబడ్డ తాతయ్య కండువాతో కళ్ళు ఒత్తుకుని, "నేనూ పెట్టానమ్మా. ఆకలితో ఎలా పంపను?" అన్నాడు.

తప్పే నాన్నా. ప్రేమతో చేసినా తప్పు తప్పే. కానీ పాపం, అంత చిన్నపిల్ల మూడు రోజులు ఒక్కత్తే మోసింది చూడు, అదీ నాకు బాధ.

ఆ తర్వాత ముగ్గురూ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి ఉన్నమాట చెప్పేశారు. ఆవిడ కుర్చీలో కూలబడిపోయింది. "మూడు రోజులుగా నా చెయ్యే తప్పిందేమో అనుకుంటున్నానమ్మా" అని ఏడ్చేసింది. నీలవేణి వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుంది.

కథేమో కంచికెళ్ళింది, నిద్రేమో కంటికొచ్చింది. పడుకో నాన్నా.